పగ్గా, షిట్జునా?

ఆదివారం, రాత్రి.

రోహిణి కార్తె వచ్చేసింది. రోళ్లు పగిలే ఎండలో కుక్కల కోసం ఊరంతా తిరగడం అవసరమా అని మా ఆయన అన్నారు గానీ, విజయవాడలో చప్పిడి ముక్కు కుక్కను పెంచుకోవాలనుకునేవాళ్లు దాన్ని చూడవలసింది ఈ రోజుల్లోనే అని నా గట్టి అభిప్రాయం. సంక్రాంతి చలిలో ఏ కుక్కయినా హుషారుగానే ఉంటుంది.

మామయ్య పోయాక పగలంతా అత్తయ్య ఇంట్లో ఒక్కరే ఉంటున్నారు. తోడుగా ఒక ప్రాణి ఉంటే బాగుంటుందని ఆవిడే అడిగారు. పెద్ద కుక్క లాగితే ఆవిడ నిలవలేరు. ఫ్లాటులో ఇమడాలి, ఒళ్లో ఒదగాలి, అయినదానికీ కానిదానికీ మొరగకూడదు. వెతగ్గా వెతగ్గా పగ్, షిట్జు, ఫ్రెంచ్ బుల్‌డాగ్ మిగిలాయి. ఫ్రెంచ్ బుల్‌డాగ్‌ను ముందే వద్దనుకున్నాం. పన్నెండు కిలోల దాకా తూగుతుంది, వెన్నుపూస బాధలు ఎక్కువ. పైగా ఆ జాతిలో చాలా వాటికి ఆపరేషన్ చేస్తే గాని కాన్పు కాదు. తన పిల్లల్ని తాను కనలేని స్థితికి ఒక ప్రాణిని మనుషులే తెచ్చారంటే నాకు మనసొప్పలేదు.

పగ్ అంటే మాత్రం నాకు ఎప్పటి నుంచో ఇష్టం. 2003లో హచ్ ఫోను ప్రకటనలో పిల్లవాడి వెంట ఎక్కడికైనా నడిచివెళ్లే ఆ కుక్కను చూసి మురిసిపోయిన తరం మాది. మన ఊళ్లలో ఇంటింటా పగ్‌లు కనబడటం మొదలైంది ఆ తరువాతే.

పటమటలో పిల్లలు ఉన్నాయని తెలిసి పొద్దున్నే వెళ్లాం. ముడతల నుదురు, నల్లటి మూతి, అరచేతిలో పట్టేంత ఒళ్లు. ఎత్తుకుంటే దించాలనిపించలేదు. తల్లిని చూపించమని అడిగాను. అది ఫ్యాను కింద గచ్చు మీద బోర్లా పడుకుని ఉంది. ముక్కు రంధ్రాలు గోటితో గీసిన గీతల్లా సన్నగా ఉన్నాయి. కునుకు పట్టేసరికి ఊపిరి అడ్డుపడి ఉలిక్కిపడి లేచింది. గడ్డాన్ని గుమ్మం మీద ఎత్తుగా ఆనించుకుని మళ్లీ కళ్లు మూసింది. కాసేపటికి మళ్లీ అదే తంతు. నేను అక్కడ కూర్చున్నంతసేపూ ఆ తల్లికి కంటినిండా నిద్ర లేదు. "పగ్‌లన్నీ ఇంతేనండీ, గురక వీటికి మామూలే" అన్నారు ఇంటాయన. పిల్లలకు నలభై అయిదు రోజులు నిండాయట, ఇవాళే తీసుకెళ్లమన్నారు. ఎనిమిది వారాలు నిండని పిల్లలను అమ్మకూడదని 2017 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. ఆ మాట చెప్పి లేచి వచ్చేశాం.

అక్కడి నుంచి నేరుగా పశువుల డాక్టరు గారి దగ్గరికి వెళ్లాం. గురక మామూలే అన్న మాట వినగానే ఆయన తల అడ్డంగా ఊపారు. ఆ జాతిలో తరచుగా వినబడినంత మాత్రాన అది ఆరోగ్యం కాదన్నారు. పుర్రె పొట్టిదైనా లోపలి మెత్తని అంగిలి ఆ మేరకు తగ్గదట. మిగిలిన భాగం గొంతులోకి వేలాడి గాలికి అడ్డుపడుతుంది. కుక్క ఒంటి వేడి ప్రధానంగా పోయేది రొప్పడం వల్లే. తడిగా ఉన్న నాలుక మీదుగా, ముక్కు లోపలి పొరల మీదుగా గాలి ఆడి, ఆ తడి ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. దారే ఇరుకైతే ఎంత రొప్పినా ఫలితం తక్కువ, పైగా రొప్పే శ్రమకే ఇంకా వేడెక్కుతుంది. మన దగ్గర ఎండకు తోడు ఉక్కపోత కూడా ఉంది. గాలిలో తేమ ఎక్కువైతే తడి తొందరగా ఆరదు.

"ఊపిరే సరిగ్గా ఆడని దాన్ని తెచ్చి, మధ్యాహ్నం కరెంటు పోతే నేను ఏం చెయ్యను అమ్మాయీ?" అన్నారు అత్తయ్య. నాలో పగ్ మీద మిగిలిన ఆశ ఆ ప్రశ్నతో తేలిపోయింది. నెదర్లాండ్స్‌లో మూతి పొడవు తల పొడవులో మూడో వంతు కూడా లేని కుక్కలను జత కట్టించడం నిషేధమని చదివాను. చల్లటి దేశం వాళ్లే అంత పట్టింపుగా ఉంటే మనం ఇంకెంత ఆలోచించాలి!

షిట్జు కూడా చప్పిడి ముక్కుదే. అందుకే జాతిని కాదు, ఎదురుగా ఉన్న కుక్కను చూడమన్నారు డాక్టరు గారు. ఊపిరి ఇబ్బంది చాలా వాటిలో పెరిగే కొద్దీ బయటపడుతుంది కాబట్టి, పిల్లను చూసి ఏదీ తేల్చి చెప్పలేమట. ఆయన దగ్గరికి వచ్చే ఒక కుటుంబం విదేశానికి వెళ్లిపోతూ, తమ మూడేళ్ల ఆడ షిట్జుకు మంచి ఇల్లు వెతుకుతోంది. సాయంత్రం దాన్ని క్లినిక్‌కు రప్పించారు. అయిదు కిలోలు ఉంటుంది. ముక్కు రంధ్రాలు విప్పారి ఉన్నాయి. ఆయన గొంతు దగ్గర స్టెతస్కోపు పెట్టి విన్నారు, వరండాలో మూడు నిమిషాలు చకచకా నడిపించారు, మళ్లీ విన్నారు. నన్నూ వినమన్నారు. గరగర లేదు, ఈల లేదు, గాలి హాయిగా వచ్చిపోతోంది. పొద్దున ఆ తల్లి కుక్క ఊపిరి విన్న చెవులతోనే ఇది వింటుంటే నాకు కళ్లు చెమర్చాయి.

పని తక్కువేమీ కాదు. వెంట్రుకలు ఎదుగుతూనే ఉంటాయి, రోజూ దువ్వాలి, వేసవిలో పొట్టిగా కత్తిరించాలి. కళ్లు పెద్దవి, వెంట్రుక గుచ్చుకున్నా పుండు పడవచ్చు, రోజూ దూదితో తుడవాలి. మెడకు పట్టీ వద్దు, ఛాతీకి తొడిగే పట్టీ కొనాలి. ఒళ్లు రానివ్వకూడదు. ఎప్పుడైనా వడదెబ్బ తగిలితే ముందు ఒళ్లంతా నీళ్లతో తడిపి ఫ్యాను వేసి, ఆ తరువాతే క్లినిక్‌కు బయలుదేరమన్నారు. దువ్వే పని తనదేనని అత్తయ్య అప్పుడే చెప్పేశారు. కళ్లు తుడవడం నాది.

వచ్చే ఆదివారం ఎండ ఎక్కకముందే వెళ్లి తెచ్చుకుంటాం. ఈలోగా బాల్కనీ వైపు గదికి వట్టివేళ్ల తడికలు కట్టించాలి, ఇన్వర్టరు బ్యాటరీ మార్పించాలి. ఆ రెండో పని మా ఆయనకు అప్పగించాను.