డై కోసం క్యాంప్ పెర్రీ దాకా

టొలీడో దాటి స్టేట్ రూట్ 2 మీద తూర్పుకి వెళ్తుంటే ముందుగా డేవిస్-బెస్ అణు విద్యుత్ కేంద్రం కూలింగ్ టవర్ కనబడుతుంది. చుట్టూ చదును నేల, అందుకని చాలా దూరం నుంచే కళ్లబడుతుంది. అది దాటిన కాసేపటికి ఎడమ చేతి వైపు క్యాంప్ పెర్రీ, ఒహాయోలో తుపాకీ పోటీలు జరిగే పెద్ద మైదానం. బావ కారు నడుపుతున్నాడు. డిక్కీలో తాళాలు వేసిన రైఫిల్ పెట్టెలు, నా బ్యాగులో రెండు చిన్న సంచులు. ఒకదాన్నిండా బావ గారాండ్ రైఫిల్‌లో కాల్చిన ఖాళీ కేసులు, అంటే తూటాల ఇత్తడి గొట్టాలు, రెండోదాంట్లో నా స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్‌లో కాల్చినవి. వేసవి జాతీయ పోటీల్లో గారాండ్ మ్యాచ్ బావది, స్ప్రింగ్‌ఫీల్డ్ మ్యాచ్ నాది. వాటితో పాటు, తూటాలు మళ్లీ నింపుకోవడానికి సరైన సైజింగ్ డై (కాల్చిన కేసుని కొలతకి తెచ్చే అచ్చు) ఏదో తేల్చుకుని రావాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాం.

1813లో ఈరీ సరస్సు మీద బ్రిటిష్ నౌకాదళాన్ని ఓడించిన ఆలివర్ హాజర్డ్ పెర్రీ పేరు ఈ చోటుకి పెట్టారు. 1903లో న్యూజెర్సీలోని సీ గర్ట్‌లో మొదలైన జాతీయ పోటీలు 1907లో ఇక్కడికొచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్, ఇటాలియన్ ఖైదీలను ఇక్కడే ఉంచారు. టార్గెట్ల వెనక ఇక సరస్సే. గాలి అటునుంచి వచ్చిందంటే జెండాలు ఒక్క క్షణం నిలకడగా ఉండవు.

డైల గురించి మొదటి మంచి మాట నాకు దుకాణంలో దొరకలేదు, పిట్స్‌లో దొరికింది. టార్గెట్లను కిందికి దించి, గుర్తులు పెట్టి, మళ్లీ పైకి లేపే గోతుల్లాంటి చోటు అది. తల మీదుగా బుల్లెట్లు చెళ్లుమని పోతుంటాయి. చెవులకు రక్షణ ఉన్నా ఆ చప్పుడు ఒంటికి తెలుస్తుంది. నాతో పాటు టార్గెట్ లాగుతున్న పెద్దాయన మా రెండు రైఫిళ్లూ కాల్చే 30-06 రకం తూటాలనే చాలా ఏళ్లుగా నింపుతున్నాడు. ఏ కంపెనీ డై మంచిదని అడిగాను. "ముందు నీ రైఫిల్ చాంబర్‌లో కేసు ఎంత సాగుతోందో కొలిచావా?" అని ఎదురడిగాడు.

ఆ ప్రశ్నలోనే అంతా ఉంది. తూటా పేలినప్పుడు ఇత్తడి కేసు ఉబ్బి, తను కూర్చున్న చాంబర్ గోడలకు అంటుకుంటుంది, తర్వాత కాస్త వెనక్కి తగ్గుతుంది. అంటే కాల్చిన కేసు దాదాపు ఆ చాంబర్ అచ్చే. డై పని ఆ కేసుని మళ్లీ లోపలికి సులువుగా వెళ్లేంత, అంతవరకే, కుదించడం. ఎక్కువ కుదిస్తే షోల్డర్ (కేసు పైన సన్నబడే వాలు) వెనక్కి పోయి, కాల్చిన ప్రతిసారీ అడుగుకి కాస్త పైన ఇత్తడి సాగి పల్చబడుతుంది. బయట మెరిసే గీత కనిపిస్తుంది. కొన వంచిన తీగతో లోపల గీరితే గాడి తగులుతుంది. అలాంటి కేసుని పారేయాల్సిందే, లేకపోతే చాంబర్‌లోనే రెండు ముక్కలవుతుంది.

పోటీల రోజుల్లో క్యాంప్ లోపల కమర్షియల్ రో అని అంగళ్ల వరుస ఉంటుంది. ఒక బల్ల దగ్గర కాలిపర్, షోల్డర్ ఎక్కడుందో కొలవడానికి దానికి తగిలించే కంపారేటర్ ఉన్నాయి. మా సంచులు విప్పి కొలిచాం. కొత్త కేసుతో పోలిస్తే గారాండ్ కేసుల షోల్డర్ 5 థౌ ముందుంది, నా స్ప్రింగ్‌ఫీల్డ్ కేసులది 7 థౌ. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు.

"ఒకే తూటా కదా, ఒకే సెట్టింగ్ సరిపోదా?" అన్నాడు బావ.

సరిపోదు. గారాండ్ తనంతట తానే వేగంగా లోడ్ చేసుకునే రైఫిల్, తూటాని పేల్చే ఫైరింగ్ పిన్‌ని వెనక్కి పట్టి ఉంచే స్ప్రింగ్ ఉండదు. కేసు బిగుతుగా ఉండి, చాంబర్‌ని మూసే బోల్ట్ పూర్తిగా మూసుకోకపోతే తూటా ముందే పేలే ప్రమాదం. కాబట్టి షోల్డర్‌ని 3 నుంచి 4 థౌ వెనక్కి నెట్టాలి, కేసు మొత్తాన్ని కుదించే ఫుల్ లెంగ్త్ డై తప్పనిసరి. నాది చేత్తో నడిపే బోల్ట్, 2 థౌ చాలు. బావకి 4 థౌ అనుకుని లెక్క వేస్తే అతని కేసు కొత్తదాని కంటే 1 థౌ ముందు ఆగాలి, నాది 5 థౌ ముందు. బావ సెట్టింగ్‌లో నా కేసుల్ని సైజ్ చేస్తే షోల్డర్ ప్రతిసారీ 6 థౌ వెనక్కి పోతుంది. ఇత్తడికి అది చాలా ఎక్కువ.

నెక్ (బుల్లెట్‌ని పట్టుకునే కేసు మూతి) మాత్రమే సైజ్ చేసే డై కొంటానని ఇంటి దగ్గర అనుకున్నాను. పిట్స్‌లో పెద్దాయన దాన్ని ఏనాడో మానేశానన్నాడు. నాకూ ఆయన చెప్పిందే సబబనిపించింది. నాలుగైదు సార్లు కాల్చాక కేసు బిగుసుకుని ఎలాగూ ఫుల్ లెంగ్త్ చేయాలి. పోటీలో బోల్ట్‌ని బలవంతంగా మూస్తూ ఉంటే చూపు చెదురుతుంది. బుషింగ్ డైలో నెక్ బిగింపుని ఒక్కో థౌ చొప్పున మార్చుకోవచ్చు. అద్భుతమైన పరికరం, 1000 గజాల వాళ్లకి కావాలి. మేం కాల్చేది 200 గజాల దూరం, 10 పాయింట్ల వలయం 7 అంగుళాల వెడల్పు. గారాండ్‌కి కేసు అడుగు భాగాన్ని మరింత కుదించే స్మాల్ బేస్ డై కావాలని బావకి చాలామంది చెప్పారు. మామూలు డైతో సైజ్ చేసిన కేసు కొలత చూసే గేజ్‌లో హాయిగా దిగింది, కాబట్టి అదీ అక్కర్లేదు.

చివరికి ఇద్దరికీ కలిపి ఒకే రెడింగ్ ఫుల్ లెంగ్త్ డై, దాంతో 2 నుంచి 10 థౌ దాకా ఎత్తు తేడా ఉండే ఐదు షెల్ హోల్డర్ల (కేసుని అడుగున పట్టుకునే ముక్కల) సెట్టు తీసుకున్నాం. షెల్ హోల్డర్ ఎత్తు పెరిగితే కేసు డైలోకి ఆ మేరకు తక్కువ వెళ్తుంది. డైని కదపకుండా, మామూలు హోల్డర్‌తో బావ కేసులు, 4 థౌ దానితో నావి.

ఇంటికొచ్చాక, కేసుని డైలోకి నెట్టే ప్రెస్‌కి బిగించి చూశాం. కేసు బయట జారడానికి లూబ్ రాశాం, నెక్ లోపల కూడా కొంచెం తాకించాం. లేకపోతే డైలో నెక్‌ని లోపలి నుంచి వెడల్పు చేసే ఎక్స్‌పాండర్ బాల్ పైకి వస్తూ నెక్‌ని వంకరగా లాగుతుంది. కొలతలు అనుకున్నట్టే వచ్చాయి. సైజ్ చేస్తే కేసు పొడవు పెరుగుతుంది, 30-06కి అది 2.494 అంగుళాలు దాటకూడదు. బావవి కొన్ని దాటాయి. వాటిని 2.484కి ట్రిమ్ చేసే పని ఈ శనివారానికి పెట్టుకున్నాం.