ట్యూబు లేని స్పోకు చక్రం: వెనుకది ఇంకా దారికి రాలేదు

నా బండి స్పోకు చక్రాలను లోపల ట్యూబు లేకుండానే గాలి నిలిచేలా సీల్ చేస్తున్నాను. ఉదయం వెనుక టైరు గాలి ఒత్తిడి గేజి 28.6 చూపింది. నిన్న బయలుదేరే ముందు సరిగ్గా 32 పి.ఎస్.ఐ. పెట్టాను. స్పోకుల రంధ్రాల మీది పాత సీలెంటు (గాలి కారకుండా పూసే జిగురు) గీకేసి కొత్తది పూశాను, దాని మీద కొత్త పట్టీ వేశాను, తొందరపడకుండా ఆరనిచ్చాను. ఇంత చేసినా వెనుక చక్రం తన పంతం వీడలేదు. మూడున్నర పాయింట్లు రాత్రికి రాత్రి ఎక్కడికి పోయాయో తెలియక పొద్దున్నే ఒళ్ళు మండిపోయింది.

ముందు చక్రంలో గాలి నిలిచింది. దాని గురించి ఇంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు.

మిగతా పనులు కూడా సాఫీగానే అయ్యాయి. హెడ్‌లైటులో కళ్ళలో గుచ్చుకునే తెల్లటి ఎల్.ఇ.డి. తీసేసి 3000 కెల్విన్ పసుపు వెలుగు బల్బు వేశాను, బండి ముఖానికి కళ వచ్చింది. సీటు ఫోము 20 మి.మీ. కోయించాను. హ్యాండిల్ చివర బిగించిన గుండ్రటి అద్దాలు 5,000 ఆర్.పి.ఎమ్. దగ్గర కూడా మసకబారడం లేదు.

వెనుక చక్రం కథ చెప్పే ముందు ఇంత తంటా ఎందుకు పడుతున్నానో చెప్పాలి. కొత్తగా తయారై పాత రూపంలో వచ్చే బండ్లలో సగం వేషమే. నిందగా అనడం లేదు, ఆ వేషం నచ్చే నేనూ కొన్నాను. ట్రయంఫ్ బోన్నెవిల్ టి120నే తీసుకోండి. 1959 నాటి పేరు, 2016లో 1200 సి.సి. లిక్విడ్ కూల్డ్ ఇంజనుతో తిరిగొచ్చింది. సిలిండర్ల మీద గాలికి చల్లబడే రేకుల్లాంటి ఫిన్‌లు ఉన్నాయి, వేడి తీసే అసలు భారం రేడియేటరుది. పక్కనుంచి చూస్తే అమల్ కార్బురేటర్లలా ఉంటాయి, నిజానికి అవి ఇంజెక్షన్ వ్యవస్థలో గాలిని వదిలే థ్రాటిల్ బాడీలు. ఎంత ముచ్చటగా చేశారంటే మోసపోవడం కూడా హాయిగానే ఉంటుంది. కవాసాకీ డబ్ల్యూ800 మీద నాకు ఇంకాస్త మమకారం ఎక్కువ. దాని సిలిండరు పక్కన నిలువుగా ఉన్న గొట్టం అలంకారం కాదు, లోపల బెవెల్ గేర్ల షాఫ్టు తిరుగుతూ క్యామ్‌ను నడుపుతుంది. అందం, పని రెండూ ఒకే ముక్కలో ఉంటాయి.

నాది వాటిలో ఏదీ కాదు. 270 డిగ్రీల క్రాంకున్న ప్యారలల్ ట్విన్, అంటే పక్కపక్కనే రెండు సిలిండర్లున్న ఇంజను. బటన్ నొక్కితే చలిలోనూ మొదటిసారికే స్టార్టవుతుంది. ఏ.బి.ఎస్. ఉంది, ఇంజెక్షన్ ఉంది, నూనె కారదు. పాత బండ్లున్న మిత్రులు సెలవు రోజు ఇగ్నిషన్ పాయింట్లు సర్దుకుంటూ కార్బురేటరు విప్పుకుంటూ గడుపుతారు, నాకు ఆ భాగ్యం లేదు. నా బండిలో వేషం కాకుండా నిజంగా పాతదే మిగిలింది చక్రం ఒక్కటే. హబ్బు, 36 స్పోకులు, వాటిని రిమ్ముకు బిగించే నిపుళ్ళు, మొదట్లో లోపల ట్యూబు. మేకు దిగితే గాలి ట్యూబులోంచి రిమ్ములోకి, అక్కడి నుంచి 36 రంధ్రాల గుండా ఒక్కసారిగా బయటికి పోతుంది. ట్యూబ్‌లెస్ టైరులో అయితే అదే మేకు టైరులోనే ఉండి గాలిని మెల్లగా వదులుతుంది, బండి ఆపే వ్యవధి దొరుకుతుంది. నాకు కావలసింది ఆ కొద్ది వ్యవధే.

అల్లాయ్ చక్రాలు వేసుకోవచ్చు కదా అంటారు. వేసుకోవచ్చు. రాయల్ ఎన్‌ఫీల్డ్ 650 ట్విన్‌లలో 2023 నుంచి అల్లాయ్ చక్రాల రకాలు ఉన్నాయి, హోండా హైనెస్ సీబీ350 అల్లాయ్‌తోనే వచ్చింది. రెండూ బుద్ధిగా పనిచేస్తాయి. కానీ ఎండ పడినప్పుడు స్పోకుల మధ్య నుంచి వెలుగు తిరగడం చూశాక పోత పోసిన చక్రం నా కంటికి ఆనదు.

ఈ పని ఎవరైనా మొదలుపెడితే ముందు రిమ్ము మీద ముద్ర చూడండి. నా వెనుక రిమ్ముది 18 x ఎం.టి. 3.50. ఎం.టి. అని ఉంటే టైరు అంచు కూర్చునే చోట లోపలి వైపు చిన్న గట్టు ఉంటుంది. గాలి తగ్గినా టైరు అంచు జారి రిమ్ము మధ్య గుంతలో పడకుండా ఆపేది అదే. డబ్ల్యూ.ఎం. ముద్ర ఉన్న పాత తరహా రిమ్ములో ఆ గట్టు ఉండదు. అలాంటి రిమ్మును ఎంత చక్కగా సీల్ చేసినా ట్యూబ్‌లెస్‌గా నడపకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇక గాలి లెక్కలు. కొలతలన్నీ తెల్లవారుజామున, 24 డిగ్రీల దగ్గర తీసినవే. ఇది ముఖ్యం. 32 పి.ఎస్.ఐ. టైరులో ఉష్ణోగ్రత 10 డిగ్రీలు మారితే ఒత్తిడి సుమారు 1.5 మారుతుంది. సాయంత్రం కొలిచి, పొద్దున మళ్ళీ కొలిచి లీకు ఉందని కంగారుపడేవారిలో సగం మందికి అసలు లీకే ఉండదు. గేజి పెట్టిన ప్రతిసారీ 0.1 నుంచి 0.2 దాకా పోతుంది, అది కూడా మినహాయించాను.

బండి కదలకుండా నాలుగు రోజులు నిలబెడితే 32 కాస్తా 31.7 అయింది. దాన్ని లీకు అనలేం. 40 దాకా నింపి రెండు రాత్రులు ఉంచితే 0.2 తగ్గింది, అంటే ఒత్తిడి ఎక్కువైనంత మాత్రాన కారడం లేదు. వేడికి జిగురు మెత్తబడుతోందేమోనని మధ్యాహ్నం ఎండలో పెట్టాను. 40 డిగ్రీల దగ్గర గేజి 34.5 చూపింది, లెక్క ప్రకారం రావలసింది కూడా అంతే. మర్నాడు తెల్లవారికి మళ్ళీ 31.9. కాబట్టి వేడి కూడా నిర్దోషే.

నడిపితే మాత్రం పోతోంది. నున్నటి రోడ్డు మీద 60 కిలోమీటర్లు ఒంటరిగా వెళితే మర్నాడు 31.2. అంతే దూరం గతుకుల రోడ్డు మీద వెళితే 29.4. వెనుక మనిషిని ఎక్కించుకుని అదే గతుకుల దారిలో వెళ్ళినందుకే ఈ రోజు 28.6. దూరం మారలేదు, బరువూ కుదుపూ మారాయి.

మొదట వాల్వును అనుమానించాను. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో వాల్వు పిన్ను మీద పడే అపకేంద్ర బలం దాని బరువుకు 90 రెట్లు దాటుతుంది. ఆ బలం పిన్నును టైరు లోపలికి, అంటే సరిగ్గా వాల్వు తెరుచుకునే దిశలో తోస్తుంది. లోపల రబ్బరు వాషరున్న లోహపు మూత పెట్టుకోవాలనేది అందుకే. వాల్వు లోపలి కోర్ మార్చాను, మూత మార్చాను, అంకెలు మారలేదు. అయినా ప్లాస్టిక్ మూతలు వాడేవారు వాటిని ఇప్పుడే తీసి పారేయండి.

ఇక మిగిలింది నిపుళ్ళు. చక్రం మీద బరువు పడినప్పుడు నేలకు దగ్గరగా ఉన్న స్పోకుల బిగువు తగ్గుతుంది, పైకి వచ్చేసరికి మళ్ళీ బిగుస్తాయి. నా టైరు చుట్టుకొలత రెండు మీటర్లు, అంటే కిలోమీటరుకు దాదాపు 500 చుట్లు. 60 కిలోమీటర్లకు ఒక్కో నిపుల్ 30,000 సార్లు సడలి బిగుస్తుందన్నమాట. కంటికి కనిపించని ఆ కదలికే నిపుల్ తల చుట్టూ ఉన్న సీలెంటును చీలుస్తోందని నా ఊహ. నీళ్ళ తొట్టిలో చక్రాన్ని ఎంత తిప్పి చూసినా ఒక్క బుడగ రాకపోవడానికి కారణమూ అదే కావచ్చు, తొట్టిలో దాని మీద బరువు లేదు కదా.

అందుకే పరీక్ష మార్చాను. బండిని నేల మీదే ఉంచి, కింది వైపు నిపుళ్ళకు, టైరు అంచులకు సబ్బు నురుగు దట్టంగా పూసి, సీటు మీద తమ్ముడిని కూర్చోబెట్టి ఎగరమన్నాను. "అన్నయ్యా, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?" అంటూనే బాగానే ఎగిరాడు. చక్రాన్ని కొద్దికొద్దిగా జరుపుతూ చుట్టూ చూశాం. టైరు అంచుల దగ్గర ఏమీ లేదు. రిమ్ము అతుకు పక్కనున్న రెండు నిపుళ్ళ దగ్గర ఆవగింజంత నురుగు పొంగింది. దొరికిందనుకున్నాను.

అప్పటికి ఉన్నది ఒక్కో నిపుల్ తల మీద విడివిడిగా వేసిన పాలీయురేథేన్ సీలెంటు బొట్టు. దాన్ని గీకేసి, ఇంకా మెత్తగా సాగే రకం వేసి, దాని మీద రిమ్ము గుంత చుట్టూ 2 మి.మీ. మందం సీలింగ్ పట్టీ తిప్పాను. సీలెంట్ల గురించి ఒక్క మాట: ఆరేటప్పుడు వెనిగర్ వాసన వేసే సిలికాన్ ఈ పనికి పనికిరాదు, దాని నుంచి వెలువడే ఆమ్లం నిపుల్ పూతను తింటుంది. న్యూట్రల్ రకం సిలికాన్ నయమే, కానీ ఒకసారి సిలికాన్ తగిలిన చోట ఇంకేదీ అంటుకోదు. పాలీయురేథేన్ గీకడం నరకమే అయినా నా ఓటు దానికే.

పట్టీ వేశాక మళ్ళీ నురుగు పరీక్ష చేస్తే ఈసారి నురుగు వచ్చింది అతుకుకు ఏడు నిపుళ్ళ అవతల! అక్కడ ఇంతకుముందు చుక్క కూడా లేదు. కాసేపు తల పట్టుకున్నాక అర్థమైంది. బొట్టు పద్ధతిలో ఏ నిపుల్ దగ్గర నురుగు వస్తే దోషం ఆ నిపుల్‌దే. పట్టీ పద్ధతిలో అలా కాదు. గాలి ఎక్కడో ఒక చోట పట్టీ అంచు కిందకు దూరి, దాని కిందనే పాకుతూ, దారి దొరికిన నిపుల్ లోంచి బయటపడుతుంది. బయటపడిన చోటు చూసి దూరిన చోటు చెప్పలేం. పట్టీ లీకును ఆపకపోగా, దాన్ని దాచిపెడుతోంది.

దూరే చోటు ఎక్కడన్నది ఇప్పటికి ఊహే. రిమ్ము అతుకు దగ్గర గుంతకు అడ్డంగా చిన్న మెట్టు ఉంది. సన్నటి సందులు కొలిచే ఫీలర్ గేజి 0.15 మి.మీ. చూపింది. ఆ మెట్టును దాటేచోట పట్టీ అంచు కింద సన్నటి సొరంగంలా ఖాళీ మిగులుతుంది. నిలబెట్టినప్పుడు లోపలి గాలి పట్టీని అదిమి ఆ ఖాళీని మూసేస్తుంది, గతుకులో రిమ్ము వంగినప్పుడు ఒక క్షణం తెరుచుకుంటుంది. ముందు రిమ్ము అతుకు దగ్గర గోరు తగిలేంత మెట్టు కూడా లేదు, అందుకే అది మొరాయించలేదేమో. ఈ ఊహకు ఎదురు నిలిచే ప్రశ్న ఒకటుంది: అసలు తప్పు మెట్టుదే అయితే పట్టీ లేని రోజుల్లో నురుగు ఎందుకొచ్చింది? బహుశా ఆ రెండు నిపుళ్ళూ మెట్టుకు ఆనుకుని ఉండటం వల్ల బొట్టు అక్కడ సమంగా కూర్చోలేదు. రిమ్ము బెండు కూడా చూశాను. పక్కకు 0.6, పైకీ కిందకీ 0.4 మి.మీ., కంగారుపడేంత కాదు. స్పోకులను మీటితే అతుకు దగ్గర నాలుగింటి స్వరం మిగతావాటికన్నా మొద్దుగా ఉంది. బిగువు తక్కువున్న స్పోకు సడలినప్పుడు నిపుల్ ఎక్కువ కదులుతుంది. ఈ రెండు అనుమానాలూ ఒకే చోట వచ్చి చేరడం వల్ల ఏది అసలుదో విడదీయలేకపోతున్నాను.

వచ్చే విడతలో పట్టీ మొత్తం తీసేస్తాను. మెట్టును లోహపు ఎపాక్సీతో నింపి, 400 నంబరు కాగితంతో నున్నగా చేసి, ఆ నాలుగు స్పోకులనూ సరిచేయిస్తాను. వెంటనే సీల్ చేయను. ట్యూబు వేసి ఒక 500 కిలోమీటర్లు తిప్పి, నిపుళ్ళు వాటి స్థానాల్లో కుదురుకున్నాకే బొట్లు. సీల్ చేశాక నిపుల్ తిప్పితే బొట్టు తెగుతుంది కాబట్టి బిగువు పని అంతా ముందే అయిపోవాలి. పట్టీ వాడాలా వద్దా అన్నది బొట్లతో ఒక గతుకుల ప్రయాణం అయ్యాక చూస్తాను. అప్పటిదాకా సీటు కింద స్పేరు ట్యూబు, రెండు టైరు లీవర్లు ఉంటాయి.

అదీ కుదరకపోతే ఇంకో దారి ఉంది, కాస్త పెద్దది. బీఎండబ్ల్యూ 1987లోనే ఆర్100 జీఎస్‌కు స్పోకులను రిమ్ము అంచుల్లో దిగేలా అల్లింది. గాలి ఉండే చోట రంధ్రమే లేదు, కాబట్టి సీల్ చేయాల్సిన పనీ లేదు. ట్రయంఫ్ స్క్రాంబ్లర్ 1200 కూడా స్పోకులతోనే ట్యూబ్‌లెస్. అలాంటి రిమ్ము నా హబ్బుకు అల్లాలంటే స్పోకుల పొడవు, కోణం మళ్ళీ లెక్కవేయాలి. హబ్బు ఫ్లాంజి (స్పోకులు తగిలించే అంచు) వ్యాసం, రెండు ఫ్లాంజిల మధ్య దూరం నిన్న రాత్రి వెర్నియర్‌తో కొలిచి పెట్టుకున్నాను. ఆ లెక్క తేలాక, చేతిలో టైరు లేకుండా రిమ్ము ఉన్న ఆ రోజుల్లోనే చెయిన్ స్ప్రాకెట్ కూడా ఒక పన్ను పెద్దది వేసి చూడాలనుంది.