మొదటి యాంప్, దాంతోపాటు వచ్చిన గుయ్ మనే సౌండ్

పోయిన దసరాకి సెకండ్ హ్యాండ్‌లో స్ట్రాటోకాస్టర్ టైపు ఎలక్ట్రిక్ గిటార్ కొన్నాను, కానీ యాంప్ (గిటార్ సౌండ్‌ని పెంచి వినిపించే స్పీకర్ పెట్టె) కోసం మాత్రం మూడు వారాలు తిరిగాను. మేముండేది నిజాంపేటలో ఫ్లాట్, గోడ అవతల అంకుల్ వాళ్లింట్లో చంటిపాప, నేను ఆఫీసు నుంచి వచ్చి అన్నం తినేసరికి పది, అంటే నా ప్రాక్టీస్ అంతా అందరూ పడుకున్నాకే.

షాపులో అబ్బాయి 40 వాట్స్‌ది తీసుకోండి సార్, రేపు స్టేజి మీదకి కూడా పనికొస్తుంది అన్నాడు. మనసు లాగింది. మా బావ విజయవాడలో ఆర్కెస్ట్రాలో గిటార్ వాయిస్తాడు, ఫోన్ చేస్తే "ఒరేయ్, ముందు హెడ్‌ఫోన్ జాక్ ఉందో లేదో చూడరా, వాట్స్ సంగతి తర్వాత" అన్నాడు. 10 వాట్స్ నుంచి 20కి వెళ్తే పెరిగేది 3 డెసిబెల్సేనట, చెవికి డబుల్ అనిపించాలంటే వాట్స్ దాదాపు పది రెట్లు కావాలట. బెడ్‌రూమ్‌లో 10 వాట్సే సగం తిప్పితే కిటికీ అద్దాలు అదురుతాయి, అది నేనే చూశాను.

బాస్ (Boss) కంపెనీ కటానా మినీ యాంప్ చాలా నచ్చింది, 7 వాట్స్, ఆరు పెన్సిల్ సెల్స్ వేసుకుని మేడ మీదకి కూడా పట్టుకెళ్లొచ్చు, కానీ బడ్జెట్ దాటింది. ఫెండర్ ఫ్రంట్‌మ్యాన్ 10జి తీసుకున్నాను. హెడ్‌ఫోన్ జాక్ ఉంది, ఫోన్‌లో పాట పెట్టి దాంతోపాటు వాయించుకోవడానికి ఆక్స్ ఉంది. శ్రుతి చూసుకునే క్లిప్ ట్యూనర్, తీగలు మీటడానికి 0.73 మిల్లీమీటర్ల పిక్స్, ఒక 9-42 సైజు స్ట్రింగ్స్ సెట్ కూడా కొన్నాను, స్టార్టింగ్‌లో వేళ్లు నొప్పెడతాయి కాబట్టి సన్న స్ట్రింగ్సే నయం. గిటార్‌ని యాంప్‌కి కలిపే కేబుల్ మాత్రం షాపువాళ్లే డ్రాయర్‌లోంచి తీసి ఇచ్చారు.

ఇంటికొచ్చి ఆన్ చేస్తే ఒకటే గుయ్ మని సౌండ్. గెయిన్ (గిటార్ సిగ్నల్‌ని పెంచే నాబ్) పెంచితే ఇంకా ఎక్కువ. ఎర్తింగేమో అని ఎలక్ట్రీషియన్‌ని పిలిపించాను, ఎర్త్ బాగానే ఉందన్నాడు. కేబుల్ పీకేస్తే యాంప్ సైలెంట్, పెడితే గోల, కేబుల్‌ని చార్జర్ దగ్గరికి జరిపితే గోల మారుతోంది కూడా, అయినా నాకు గిటార్ మీదే అనుమానం, పాతది కదా అని. ఇలా నెల పైనే గడిచింది, చాలా బాధేసింది.

సంక్రాంతికి బావ వచ్చి ఏం మాట్లాడకుండా తన బ్యాగ్‌లోంచి కేబుల్ తీసి పెట్టాడు. అంతే, గోల ఆగిపోయింది. తర్వాత నా కేబుల్ జాక్ మూత విప్పి చూపించాడు, లోపల ఎర్ర వైరు, నల్ల వైరు, రెండూ మామూలువే. గిటార్ కేబుల్‌లో అయితే మధ్య వైరు చుట్టూ జడలా అల్లిన రాగి తీగ ఉంటుంది, షీల్డ్ అంటారు, బయటి కరెంటు గోలని ఆపేది అదే. నాకిచ్చింది యాంప్ నుంచి స్పీకర్‌కి కలిపే స్పీకర్ కేబుల్! పైకి రెండూ ఒకేలా ఉంటాయి, జాక్ కూడా అదే.

"బావా, ఇది నాకు వదిలెయ్" అంటే నవ్వి, కొత్తది కొనుక్కోరా అని షీల్డ్ ఉన్న 10 అడుగుల కేబుల్ తనే కొనిపెట్టాడు. ఇప్పటికీ గెయిన్ బాగా పెంచితే కొంచెం హమ్ వస్తుంది, అది సింగిల్ కాయిల్ పికప్స్ (తీగల కింద ఉండి వాటి కదలికని పట్టే, ఒకే చుట్ట ఉన్న అయస్కాంతాలు) స్వభావం, నా గిటార్‌లో పికప్స్ మార్చే స్విచ్ 2లో గానీ 4లో గానీ పెడితే పోతుంది. నిన్న రాత్రి పన్నెండింటికి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వాయిస్తుంటే అమ్మ మంచినీళ్లకి లేచి, గదిలో లైటు చూసి, "ఇంకా పడుకోలేదా నాన్నా" అంది.