కౌంటర్ల లెక్క చెదరకుండా వీఎంను తరలించిన నా అనుభవం

శ్రీకాకుళంలో మేము నిర్వహిస్తున్న చిన్న సర్వర్ గదిలో వీఎంలను (వర్చువల్ మెషీన్లు, అంటే సాఫ్ట్‌వేర్‌తో ఏర్పడిన కంప్యూటర్లు) నడిపే అసలు యంత్రాలు, అంటే హోస్టులు, రెండు ఉన్నాయి: ఒకటి కింది అంతస్తులో, రెండోది మేడ మీద. రెండింటిలోనూ ఉన్నది స్కైలేక్ తరానికి చెందిన ఒకే మోడల్ జియాన్ ప్రాసెసర్. తుఫాను హెచ్చరిక వెలువడిన రోజున, నీరు చేరే ప్రమాదమున్న కింది హోస్టును ఆపి, అందులోని వీఎంలను లైవ్ మైగ్రేషన్ (నడుస్తుండగానే తరలించడం) ద్వారా మేడ మీదికి చేర్చాలనుకున్నాం. వాటిలో ఒకదానిపై ఒక ఎం.టెక్. విద్యార్థిని రెండు రోజులుగా తన ప్రోగ్రాం అమలు చేసే ఇన్‌స్ట్రక్షన్లనూ, కాష్ మిస్సులనూ (కావలసిన డేటా ప్రాసెసర్‌లోని వేగవంతమైన మెమరీలో దొరకని సందర్భాలు) లినక్స్ కొలత సాధనమైన పెర్ఫ్ స్టాట్‌తో సెకనుకొకసారి నమోదు చేస్తోంది. దాన్ని ఆపితే ఆ శ్రమంతా మళ్లీ మొదటికి వస్తుంది.

మొదటి ప్రయత్నం చివరి క్షణంలో విఫలమైంది. ప్రాసెసర్‌లో హెక్సా (16 ఆధారంగా రాసే) సంఖ్య 38ఎఫ్‌తో గుర్తించే రిజిస్టర్‌లో విలువను రాయలేకపోయానని చెప్పి, గమ్యస్థానంలో వీఎంను నడపాల్సిన క్యూఎము అనే సాఫ్ట్‌వేర్ ప్రక్రియ ఆగిపోయింది. అదృష్టవశాత్తూ మూలంలోని వీఎం యథాతథంగా నడుస్తూనే ఉంది. ప్రాసెసర్‌లో ఇలాంటి ఘటనలను లెక్కపెట్టే కౌంటర్లలో ఏవి పనిచేయాలో ఒక్కో బిట్ ద్వారా నిర్ణయించే రిజిస్టర్ అది. రాయబోయిన విలువలో కింది 8 బిట్లూ, 32 నుంచి 34 వరకు ఉన్న మూడు బిట్లూ 1గా ఉన్నాయి; అంటే 8 సాధారణ కౌంటర్లు (మనం ఎంచుకున్న ఘటనను లెక్కించేవి), 3 స్థిర కౌంటర్లు (ముందే నిర్ణయించిన ఘటననే లెక్కించేవి). మేడ మీది యంత్రంలో సాధారణ కౌంటర్లు 4 మాత్రమే కనిపిస్తున్నాయి.

ఒకే ప్రాసెసర్‌లో ఈ తేడా ఎలా వచ్చిందన్నదే నన్ను చాలాసేపు వేధించింది. 2018లో ఎల్1టీఎఫ్ అనే ప్రాసెసర్ భద్రతా లోపం బయటపడ్డాక కింది హోస్టులో హైపర్‌థ్రెడింగ్ (ఒక కోర్‌ను రెండు థ్రెడ్లుగా వాడే సదుపాయం) ఆపేశాం. తరువాత కొన్న రెండో దానిలో ఆపలేదు. ఈ తరంలో హైపర్‌థ్రెడింగ్ ఉంటే ఒక్కో థ్రెడ్‌కు 4 కౌంటర్లే దక్కుతాయి, ఆపితే కోర్‌కు 8 లభిస్తాయి. గెస్ట్‌లోని, అంటే వీఎం లోపలి, లినక్స్ బూట్ అయ్యేటప్పుడే తనకు కనిపించిన కౌంటర్లన్నిటి బిట్లనూ ఆ రిజిస్టర్‌లో నింపుకుంటుంది కనుక, పెర్ఫ్ ఊసే లేని మరో వీఎం తరలింపు కూడా అక్కడే ఆగిపోయింది.

వీఎంకు ఈ కౌంటర్లను అందించే పీఎంయూను ఆపేయమనే సలహా తరచుగా వినిపిస్తుంది. కౌంటర్లతో పనిలేని వీఎంలకు అది సరిపోవచ్చు గానీ, దానికి వీఎంను ఆపి మళ్లీ మొదలుపెట్టాలి; పైగా ఇక్కడ కొలతే అసలు పని. అందువల్ల ఖాళీగా ఉన్న మేడ మీది హోస్టు బయోస్‌లో హైపర్‌థ్రెడింగ్ ఆపి, రీబూట్ చేశాను. ఎలాగూ భద్రత కోసం ఎప్పుడో చేయవలసిన పని అది.

రెండో ప్రయత్నంలో తరలింపు పూర్తయింది. పెర్ఫ్ వరుసలు తెగకుండా కొనసాగాయి, ఇన్‌స్ట్రక్షన్ల లెక్క సున్నాకు పడిపోలేదు. కాష్ మిస్సులు మాత్రం కాసేపు ఒక్కసారిగా పెరిగాయి. రిజిస్టర్లలోని సంఖ్యలు వీఎంతో పాటు వస్తాయి గానీ, పాత ప్రాసెసర్ కాష్‌లో నిండి ఉన్న డేటా రాదు. పైగా, తరలింపు జరుగుతున్నంతసేపూ మారిన మెమరీ పేజీలను గుర్తించే పని కూడా గెస్ట్‌ను నెమ్మదింపజేస్తుంది. అందుకే తరలింపు మొదలైన సమయాన్నీ, మిస్సులు మామూలు స్థాయికి దిగిన సమయాన్నీ ఆమెకు చెప్పి, ఆ మధ్య వరుసలను ఫలితాల్లో కలపవద్దన్నాను. ఆమె ఆ రెండు సమయాలనూ నోట్‌బుక్‌లో రాసుకున్నాకే కింది హోస్టును ఆపాను.