మళ్ళీ అదే పొట్ట మీద కోత

బరువు ఎలా తగ్గావని అందరూ అడుగుతారు. తగ్గాక ఒంటికి ఏమైందని ఎవరూ అడగరు. నేను 128 కిలోల నుంచి 82కి వచ్చాను, రెండేళ్ళు పట్టింది. కొవ్వు కరిగింది గానీ సాగిన చర్మం అలాగే ఉండిపోయింది. బొడ్డు కింద నుంచి తొడల మీదికి వేలాడుతుంది, నడిస్తే ఒరుసుకుంటుంది. ఆ మడత కింద చెమట ఆరదు. ఎర్రబడి, మండి, ఒక్కోసారి పచ్చిపుండై వాసన కూడా వస్తుంది. ఫంగస్‌కి పూత మందు రాస్తే వారం తగ్గుతుంది, ఆపైన మళ్ళీ మొదలు.

ఆ చర్మం ఆపరేషన్‌తో తీయించుకోవాలనుకున్నాను. కానీ అప్పటికే నాకు రెండు హెర్నియా ఆపరేషన్లు అయ్యాయి, అంటే పొట్ట గోడ బలహీనపడ్డ చోట లోపలిది బయటికి ఉబికితే సరిచేసేవి. మొదటిది బొడ్డు దగ్గర, బరువు బాగా ఉన్న రోజుల్లో. దగ్గినప్పుడల్లా నిమ్మకాయంత ఉబ్బు బయటికి వచ్చేది. కుట్లు వేసి మూశారు. ఏడాది తిరక్కుండానే అక్కడే మళ్ళీ వచ్చింది. పొట్ట బరువుకి లోపల ఒత్తిడి పెరిగి కుట్లు ఊడిపోతాయని అప్పుడు చెప్పారు. నేను బరువు తగ్గడానికి అసలు కారణం అదే. తగ్గాక రెండోసారి మెష్, అంటే బలానికి లోపల అమర్చే వల, పెట్టారు, నిలువుగా జానెడు కోత. తుమ్ము వస్తుందంటే వణుకు పుట్టేది, దిండు పొట్టకి అదుముకుని తుమ్మేవాణ్ణి. మంచం మీంచి పక్కకి దొర్లి లేవడం నేర్చుకోవడానికే నాలుగు రోజులు పట్టింది.

అందుకే చర్మం తీయించుకుంటానంటే అమ్మ భయపడింది. "మళ్ళీనా నాన్నా? అందం కోసం కోయించుకోవాలా?" అంది. అందంగా కనిపించాలని నాకు లేకపోలేదు, అందులో తప్పు ఉందనీ అనుకోను. కానీ ఆ మడత కింద మంట ఎలా ఉంటుందో అమ్మకి ఇన్నాళ్ళూ నేనే చెప్పలేదు. ఆ రోజు చెప్పాను.

ప్లాస్టిక్ సర్జన్ తొందరపడలేదు. కనీసం ఆరు నెలలుగా బరువు నిలకడగా ఉందా అని ముందు అడిగారు. వేలాడే చర్మాన్ని మాత్రమే కోసి తీసేది పానిక్యులెక్టమీ అట. లోపల విడిపోయిన కండరాలు బిగించి, బొడ్డుని కొత్త చోట అమర్చేది అబ్డామినోప్లాస్టీ. రెండింటిలోనూ కోత కింది పొట్ట మీద ఇటు నుంచి అటు దాకా ఉంటుంది. నాకు కష్టమనిపించింది బొడ్డు సంగతి. హెర్నియా రెండుసార్లు అక్కడే బాగు చేయడం వల్ల దానికి రక్తం అందించే నాళాలు దెబ్బతిని ఉండొచ్చు, చుట్టూ చర్మం కోస్తే బొడ్డు నల్లబడి చచ్చిపోవచ్చు, ముందే తీసేయాల్సి కూడా రావొచ్చు అన్నారు. ఇంటికొచ్చి అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాను. పుట్టినప్పటి నుంచి ఉన్న గుర్తు అది, దేనికీ పనికిరాకపోయినా.

సీటీ స్కాన్‌లో మెష్ పై అంచు దగ్గర చిన్న ఖాళీ కనబడింది. మూడో హెర్నియాకి మొదలు. చూడగానే గుండె జారిపోయింది. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత హెర్నియా డాక్టరూ ప్లాస్టిక్ సర్జనూ కలిసి కూర్చుని, ఒకే మత్తులో దాన్నీ సరిచేసి చర్మమూ తీయవచ్చన్నారు. రెండూ కలిపితే గాయం చీము పట్టే ప్రమాదం పెరుగుతుందని కూడా దాచకుండా చెప్పారు. చర్మం కింద నీరు చేరడం, కుట్లు విచ్చుకోవడం, కాళ్ళలో రక్తం గడ్డకట్టడం కూడా జరగొచ్చట. గాయంలో చేరే నీరు బయటికి తీసే డ్రెయిన్ ట్యూబులు, పొట్టకి బెల్టు, ఆరు వారాలు బరువులెత్తకపోవడం నాకు పాతవే.

ప్రస్తుతం హిమోగ్లోబిన్ 10.6 ఉంది. అది పెరిగితే గానీ తేదీ ఇవ్వరు. ఐరన్ మాత్రలు వేసుకుంటున్నాను. రోజూ ఎంత ప్రోటీన్ తింటున్నానో మా ఆవిడ పుస్తకంలో రాసి పెడుతోంది. నిన్న రాత్రి అదే పుస్తకంలో సర్జన్‌ని అడగాల్సినవి రాసుకుంటూ బొడ్డు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. తను కలం తీసుకుని ఆ ప్రశ్న కొట్టేసింది. "పోతే పోనీ, నువ్వు మంట లేకుండా నడువు" అంది.