మే 7 బోర్డు రాసేవాళ్లు చూసుకోవాల్సినవి

విశాఖలో మే 7 అనగానే రెండు సంగతులు మెదులుతాయి. 1924లో కొయ్యూరులో అల్లూరి సీతారామరాజును కాల్చి చంపారు. 2020లో ఆర్‌ఆర్ వెంకటాపురం మీద ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి కమ్ముకుని, ప్రభుత్వ లెక్కలోనే 12 మంది చనిపోయారు. వీటి కింద ఠాగూర్ పుట్టినరోజు, బీతోవెన్ తొమ్మిదో సింఫనీ, జర్మనీ లొంగుబాటు చేర్చి ‘చరిత్రలో ఈ రోజు’ అని గ్రంథాలయం బోర్డు మీదో, కాలనీ వాట్సాప్ గ్రూపులోనో పెడుతుంటారు. మంచి పనే. కాకపోతే ఒక్కో వాక్యం రాసేముందు ఇది ఏ క్యాలెండర్‌లో మే 7, ఏ ఊరి గడియారంలో మే 7, జరిగినదాంట్లో ఏ ఘట్టానికి మే 7 అని తేల్చుకోవాలి. తప్పులన్నీ దాదాపు ఈ మూడు చోట్లే పుడతాయి.

ముందు రష్యా సంగతి. 1918 దాకా అక్కడ పాత జూలియన్ క్యాలెండరే నడిచింది. సంగీతకర్త చైకోవ్‌స్కీ పుట్టింది ఆ లెక్కలో 1840 ఏప్రిల్ 25. శాస్త్రవేత్త పొపోవ్ తన రేడియో గ్రాహకాన్ని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో చూపించింది 1895 ఏప్రిల్ 25. పంతొమ్మిదో శతాబ్దంలో దానికీ మన క్యాలెండర్‌కీ తేడా 12 రోజులు కాబట్టి రెండూ మన మే 7కే వస్తాయి. 1900 మార్చి నుంచి తేడా 13 అయింది. ఆ 13 మాత్రమే గుర్తుపెట్టుకున్నవాళ్లు చైకోవ్‌స్కీని మే 8కి జరిపేస్తారు. అప్పటికే కొత్త లెక్కలోకి మార్చిన తేదీకి ఇంకోసారి 12 కలిపి మే 19 చేసేవాళ్లూ ఉన్నారు. ఏప్రిల్ 25 అని కనిపిస్తేనే కలపండి, మే 7 అని ఉంటే ముట్టుకోవద్దు.

ఠాగూర్ విషయం మనకు ఇంకా దగ్గర. 1933లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి ఉపన్యాసాలిచ్చిన మనిషి. ఆయన పుట్టినరోజు బెంగాలీ లెక్కలో 1268 బైశాఖ్ 25, ఇంగ్లీషు లెక్కలో 1861 మే 7. బెంగాల్‌లో ఇప్పటికీ బైశాఖ్ 25నే చేస్తారు, అది మే 8నో 9నో వస్తుంది. నక్షత్రాల్ని బట్టి లెక్కించే సౌర సంవత్సరం ఇంగ్లీషు సంవత్సరం కంటే కొద్దిగా పెద్దది. ఆ తేడా సుమారు 72 ఏళ్లకు ఒక రోజవుతుంది. 160 ఏళ్లు దాటాయి కదా, రెండు రోజులు జరిగింది. కాబట్టి బోర్డు మీద మే 7 రాసినవాళ్లదీ తప్పు కాదు, మే 9న దండ వేసేవాళ్లదీ తప్పు కాదు.

గడియారం గొడవ ఇంతకంటే పెద్దది. వెంకటాపురం ప్రమాదం జరిగింది తెల్లవారుజామున సుమారు 3 గంటలకు. లాక్‌డౌన్‌లో ఫ్యాక్టరీ మూతపడి ఉండగా ట్యాంకులో నిలవున్న స్టైరీన్ వేడెక్కి, దానంతటదే పాలిమర్‌గా మారడం మొదలై, ఆ వేడికి ఆవిరై బయటికొచ్చింది. అప్పటికి ఊరంతా నిద్రలో ఉంది. మన మాటల్లో తెల్లారేదాకా నిన్నటి రాత్రే, పంచాంగంలోనూ వారం మారేది సూర్యోదయంతోనే. అందుకే ‘ఆరో తేదీ రాత్రి’ అని చెప్పేవాళ్లూ ఉంటారు, ‘ఏడో తేదీ తెల్లారుగట్ల’ అనేవాళ్లూ ఉంటారు. ఇద్దరూ చెప్పేది ఆ ఒక్క రాత్రి గురించే. అర్ధరాత్రికీ సూర్యోదయానికీ మధ్య జరిగిన దేనికైనా తేదీ పక్కన గంట కూడా రాయండి.

2025 మే 7న ఆపరేషన్ సిందూర్ దాడులు మన గడియారంలో రాత్రి 1:05 నుంచి 1:30 దాకా జరిగాయి. వాషింగ్టన్‌లో అప్పటికింకా మే 6 మధ్యాహ్నం. అమెరికా పత్రికల నుంచి ఎత్తి రాస్తే ఒక రోజు వెనక్కి పోతుంది. జర్మనీ లొంగుబాటూ అంతే. 1945 మే 7 తెల్లవారుజామున 2:41కి ఫ్రాన్స్‌లోని రెయిమ్స్‌లో సంతకం. అమలు మే 8 రాత్రి 11:01 నుంచి. బెర్లిన్‌లో రెండో సంతకం అయ్యేసరికి మాస్కోలో మే 9. ‘యుద్ధం ముగిసింది’ అని మే 7 కింద రాయకూడదు, ‘లొంగుబాటు పత్రం మీద సంతకం’ అని రాయాలి. డిసెంబర్‌లో ఇదే పొరపాటు మన తీరం విషయంలో జరుగుతుంది. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ దగ్గర మునిగింది 1971 డిసెంబర్ 3-4 మధ్య రాత్రి. నేవీ డే జరిపేది మాత్రం డిసెంబర్ 4 రాత్రి కరాచీ మీద జరిపిన క్షిపణి దాడికి గుర్తుగా. రెండింటినీ ఒకే వాక్యంలో కుదించేస్తే రెండూ పోతాయి.

అల్లూరి వాక్యంలో తేదీ కంటే ఊరు ఎక్కువగా తప్పుతుంది. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది కాబట్టి అక్కడే చంపారని రాసేస్తారు. కాల్చింది కొయ్యూరులో, దహనం కృష్ణదేవిపేటలో. 2022 ఏప్రిల్ 4కు ముందు అచ్చయిన పుస్తకాల్లో రెండూ విశాఖ జిల్లాలోనే ఉంటాయి. ఇప్పుడు కొయ్యూరు అల్లూరి సీతారామరాజు జిల్లా, కృష్ణదేవిపేట అనకాపల్లి జిల్లా. పితూరీ, అంటే అల్లూరి నడిపిన మన్యం తిరుగుబాటు, మొదలైన రోజు వేరే: 1922 ఆగస్టు 22, చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడి.

పాత పత్రికలో వారం పేరు ఒక్కటే దొరికితే, మీ దగ్గరున్న తేదీని దానితో ఇలా సరిచూడొచ్చు. సంవత్సరంలో చివరి రెండంకెలు, వాటిని నాలుగుతో భాగిస్తే వచ్చే పూర్ణాంకం, తేదీ, మే నెలకు 2 కలపండి. 1800లకు ఇంకో 2, 2000లకు 6 కలపాలి, 1900లకు ఏమీ అక్కర్లేదు. మొత్తాన్ని 7తో భాగించి శేషం చూడండి: శనివారం 0, ఆదివారం 1, అలా శుక్రవారం 6 దాకా. 1924కి 24+6+7+2=39, శేషం 4, బుధవారం. బీతోవెన్ సింఫనీ వియన్నాలో మొదటిసారి వినిపించిన 1824కి 41, శేషం 6, శుక్రవారం. లెక్క కలవకపోతే ముందు అనుమానించాల్సింది అచ్చు తేదీని. పత్రిక మీదున్నది అచ్చయిన రోజు, వార్త మొదట్లో ఊరి పేరు పక్కన ఉన్నది వార్త పంపిన రోజు, సంఘటన వాటికంటే ముందుది.

మే 7 వేసవి సెలవుల్లో పడుతుంది. జూలై 4న అల్లూరి జయంతికి స్కూలు అసెంబ్లీలో నాలుగు మాటలు వినిపిస్తాయి, వర్ధంతికి ఆ వీలే లేదు. అందుకే ఈ బోర్డు గ్రంథాలయంలో ఉండాలి, వెంకటాపురం చుట్టుపక్కల కాలనీల్లో ఉండాలి. స్థలం తక్కువైతే చైకోవ్‌స్కీని తీసేయండి, కొయ్యూరునూ వెంకటాపురాన్నీ పైన పెట్టండి, గంటతో సహా.