అక్కడ పిక్కలు కూడా ఉండవు

"అమ్మా, మరి నువ్వెళ్ళేది ఏటి? అక్కడ పిక్కలు కూడా ఉండవు కదా."

మా తొమ్మిదేళ్లవాడు మొన్న వైజాగ్‌లో, ఎంవీపీ కాలనీలోని మా నాన్నగారింట్లో, నా మొహం కూడా చూడకుండా అన్న మాట ఇది. ఆ "ఏటి" వినగానే నాకు చిర్రెత్తింది. "ఏటి కాదు నాన్నా, ఏమిటి అనాలి" అని దిద్దాను. దిద్దాక గానీ వాడు అడిగింది బుర్రకెక్కలేదు.

సెలవులకి ఆరు వారాలు వచ్చాం. మా ఆయన ఎప్పటిలాగే పది రోజులుండి ఆఫీసు పేరు చెప్పి వెళ్ళిపోయారు. నేను మాత్రం ఇక్కడ కూర్చుని, రాత్రి పదింటికి, అంటే న్యూజెర్సీలో మధ్యాహ్నం, మా ముగ్గురు స్నేహితురాళ్ళతో వీడియో కాల్‌లో సెప్టెంబర్ ట్రిప్ ప్లాన్ చేస్తున్నాను. అట్లాంటిక్ సిటీ, మా న్యూజెర్సీలోనే ఉన్న కేసినోల ఊరు. మూడు రాత్రులు సముద్రం ఒడ్డున కేసినో హోటల్లో, పగలంతా గోల్ఫ్. పిల్లలు రారు, మొగుళ్ళు రారు, లంచ్ బాక్సులు అసలే రావు. ఏడాదిగా అనుకుంటున్న ట్రిప్ ఇది, ఎవరో ఒకరి పిల్లాడికి జ్వరం వచ్చి రెండుసార్లు ఆగిపోయింది.

నేను గోల్ఫ్ ఆడతానంటే మా అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది. నలభై దాటాక మొదలుపెట్టాను. ఆఫీసులో అసలు నిర్ణయాలన్నీ మీటింగుల్లో కాదు, శుక్రవారం మధ్యాహ్నం గోల్ఫ్ కోర్సులో పద్దెనిమిది హోల్స్ మధ్య జరుగుతున్నాయని అర్థమయ్యాక పంతం కొద్దీ పట్టాను, తర్వాత పంతం పోయి పిచ్చి మిగిలింది. మన ముడసర్లోవ దగ్గరే ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ ఉంది, స్కూల్ పిక్నిక్‌కి ముడసర్లోవ పార్కుకి వెళ్ళినప్పుడల్లా బస్సులో దాని పక్క నుంచే వెళ్ళేవాళ్ళం. అంత పచ్చిక ఎవరి ఆవులకోసమో అనుకునేదాన్ని.

ఈ ట్రిప్పులు హోటల్ బుక్ చేస్తే అయిపోతాయనుకునేవాళ్ళకి ఒక మాట. ముందు టీ టైమ్, అంటే కోర్సులో మన ఆట మొదలయ్యే వేళ, తర్వాతే గది. ఎందుకంటే అక్కడ కేసినోలు చాలావరకు సముద్రం వైపుంటాయి, మంచి కోర్సులన్నీ బే దాటి అవతల, కార్లో వెళ్ళాలి. నార్త్‌ఫీల్డ్‌లో 1897 నాటి క్లబ్ ఉంది, బర్డీ, అంటే లెక్క ప్రకారం పట్టాల్సిన దానికన్నా ఒక్క దెబ్బ తక్కువలో హోల్ ముగించడం, ఆ మాట అక్కడే పుట్టిందంటారు. (నా స్కోర్ కార్డు మీద ఆ మాట ఇంకా పుట్టలేదు.) మేం గాలోవేలో సీవ్యూ అనుకున్నాం, అక్కడి బే కోర్సులో ఎల్‌పీజీఏ వాళ్ళు, అంటే ఆడవాళ్ళ ప్రొఫెషనల్ గోల్ఫ్ వాళ్ళు, ఆడే టోర్నమెంట్ టీవీలో చూసిన దగ్గర్నుంచి నాకు అదే యావ. జూలైలో వెళ్తే అక్కడి ఉప్పునీటి చిత్తడి నేలల్లోంచి వచ్చే ఈగలు తోలు లేచిపోయేలా కుడతాయి. సెప్టెంబర్ మొదటి సోమవారం వచ్చే లేబర్ డే దాటాక జనం పోతారు, నీళ్ళు మాత్రం ఇంకా వెచ్చగానే ఉంటాయి. ఆదివారం నుంచి బుధవారం వరకు గది చవక, కాకపోతే రోజూ రిసార్ట్ ఫీజు కూడా ఉంటుంది, అది కలుపుకున్నాకే సంతోషపడాలి. తుపాన్ల కాలం కాబట్టి డబ్బు వెనక్కొచ్చే బుకింగే చేయాలి. 2012లో శాండీ తుపాను అట్లాంటిక్ సిటీ పక్కనే తీరం దాటింది, 2014లో హుద్‌హుద్ మా ఊరి మీదే దాటింది. ఏ సముద్రం దగ్గరకెళ్ళినా ముందు గాలి సంగతి చూసుకోవడం నాకు అలవాటైపోయింది.

ఇంత జాగ్రత్తగా ప్లాన్ చేసే మనిషి ఇంట్లో ఏం చేసిందో చెప్తాను.

మా నాన్న షిప్‌యార్డ్‌లో రిటైరయ్యారు. సాయంత్రం అయిదింటికి కింది ఫ్లాట్ మాస్టారు, ఎదురింటి అంకుల్ వస్తారు, డైనింగ్ టేబుల్ మీద రమ్మీ. డబ్బుల్లేవు, చింతపిక్కలు. పాత బోర్న్‌వీటా డబ్బా నిండా ఉంటాయి, అరిగిపోయి నున్నగా మెరుస్తుంటాయి. ఆటకి మనిషికి పది పిక్కలు, లెక్క నూట ఒకటి దాటితే అవుట్. ఒకరోజు నేను జగదాంబ నుంచి చీరల సంచులతో వచ్చేసరికి మావాడు ఆ ముగ్గురు ముసలాళ్ళ మధ్య బాసింపట్టు వేసుక్కూర్చుని, బొటనవేలు నాలిక్కి తగిలించి, పదమూడేసి ముక్కలు టకటకా పంచుతున్నాడు. "తాతా, ఇస్పేటు రాజు నాకక్కర్లేదు" అంటున్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. అందరి ముందే, "నాన్నా, ఇంతింత టికెట్లు పెట్టుకుని వీణ్ణి మీ దగ్గరికి తీసుకొచ్చింది పేకాట నేర్పడానికా?" అనేశాను. పేక లాక్కుని బీరువా పైన పెట్టాను. మాస్టారు చెప్పులు వెతుక్కున్నారు. నాన్న ఏమీ అనలేదు. పిక్కలన్నీ డబ్బాలోకి ఎత్తి, మూత పెట్టి, బాల్కనీలోకి వెళ్ళి కూర్చున్నారు. ఆయన తిరిగి ఒక మాట అనుంటే నాకు ఇంత ఇదిగా ఉండేది కాదు.

నా భయం ఊరికే రాలేదు. మా పెదనాన్న భీమిలి వైపు పొలాన్ని సంక్రాంతికొక చెక్క చొప్పున పేకలో పోగొట్టాడు. పేకముక్క అంటే మా అమ్మ మొహం ఎలా మారేదో చూస్తూ పెరిగాను. అందుకే ఆ రాత్రి అమ్మ నా పక్షమే మాట్లాడుతుందనుకున్నాను. ఆవిడ చిక్కుళ్ళు వలుస్తూ, "మీ పెదనాన్న సంగతయ్యాక మీ నాన్నని సింహాచలం తీసుకెళ్ళి అప్పన్న మీద ఒట్టేయించాను, డబ్బుకి ఆడనని. ఆ పిక్కలు అప్పటివే" అంది. నలభై ఏళ్లు. నేను ఆ డబ్బా పక్కనే పెరిగాను, ఎక్కాలు కూడా ఆ పిక్కలతోనే నేర్చుకున్నాను, అవి ఎందుకున్నాయో మాత్రం ఎప్పుడూ అడగలేదు.

మర్నాడు నా లాప్‌టాప్‌లో గదుల ఫోటోలు చూస్తూ మావాడు కిందికి జరిపాడు. గదుల తర్వాత స్విమ్మింగ్ పూల్, పూల్ తర్వాత ఆకుపచ్చ బల్లలు, వాటి మీద పేకముక్కలు. అప్పుడన్నాడు, అక్కడ పిక్కలు కూడా ఉండవు కదా అని.

నేనేం చెప్పాలి? "మేం ఆడం నాన్నా, అక్కడ పడుకుంటాం అంతే, మేం వెళ్ళేది గోల్ఫ్‌కి" అన్నాను. అది నిజం కాదు. మాలో ఒకావిడ బ్లాక్‌జాక్ పేకాట బల్ల దగ్గర కూర్చుంటే టిఫిన్ వేళ దాకా లేవదు. పోనీ నేను గోల్ఫ్ మాత్రమే ఆడతానా అంటే, హోలుకి డాలరు పందెం పెట్టుకుంటాం. దీపావళికి మా బేస్‌మెంట్లో పిల్లలందర్నీ ఐప్యాడ్‌లిచ్చి పైకి తోలేసి తీన్ పత్తీ, అదే మూడు ముక్కలాట, ఆడేది ఎవరు? మనమే. మావాడికి ఇదంతా తెలుసు, వాళ్ళు పైనుంచి వింటారు. "తాతయ్య చెప్పాడు, త్రీ కార్డ్స్ అంటే లక్కు, రమ్మీ అంటే బ్రెయిను, కోర్టు చెప్పింది" అన్నాడు. ముసలాయన పిల్లాడికి కోర్టు కథలు కూడా చెబుతున్నాడే అనుకుని వెతికితే నిజమే. 1967లో మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సుప్రీంకోర్టు దాకా వెళ్ళి ఓడిపోయిన కేసు. పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి కాబట్టి రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అనీ, మూడు ముక్కలాట లాంటిది ఉత్త అదృష్టమనీ అందులో ఉంది. మా నాన్న ఆడేది మొదటిది, నేను దీపావళికి ఆడేది రెండోది.

ఇంకో సంగతి ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. రెండేళ్లుగా ఆదివారం తెలుగు క్లాసుకి తిప్పుతున్నాను, వాడు ఇరవై దాటి లెక్కపెట్టలేడు, ఇరవై తర్వాత ట్వెంటీ వన్ అంటాడు. ఈ రమ్మీలో ముగ్గురి లెక్కలూ రాసే పని వాడిదే. "మాస్టారికి నలభై రెండు, ముప్ఫై ఆరు, డెబ్భై ఎనిమిది" అని కళ్ళు మూసుకుని కూడుతున్నాడు. ఆ చదువునే నేను బీరువా ఎక్కించాను. దాంతోపాటు ఆ "ఏటి" కూడా. మా నాన్న మాట్లాడేది అదే, నేను చిన్నప్పుడు మాట్లాడింది కూడా అదే, హైదరాబాద్ హాస్టల్లో ఎవరో నవ్వారని వదిలేశాను. వాడికి తెలుగు రావాలి కానీ మా ఇంటి తెలుగు రాకూడదు, ఇదీ నా కోరిక.

పోయిన ఏడాది ఒక ఫ్రెండ్‌కి నేనే లెక్చరిచ్చాను, పిల్లలకి పెట్టే రూల్ పెద్దవాళ్ళకీ ఉండాలి, లేకపోతే పెట్టకూడదు అని. ఆవిడ బుద్ధిగా విన్నది పాపం. ఇప్పుడు ఆ రూల్ ప్రకారం నేను ట్రిప్ మానేయాలా, నాన్నకి క్షమాపణ చెప్పాలా, రెండూనా? మానేయాలని లేదు. నిజం చెప్తున్నా, అస్సలు లేదు. మా ఆయన స్నేహితులతో వేగస్ వెళ్ళొచ్చినప్పుడు ఆయన్నెవరూ చింతపిక్కల లెక్క అడగలేదు, మావాడు కూడా అడగలేదు, ఏం తెచ్చావని మాత్రం అడిగాడు. ఇది నా మీదే ఎందుకొచ్చిందో అని ఒక పూట ఉడుక్కున్నాను. నేను లాక్కున్నాను కాబట్టి వచ్చింది. ఆయన ఎవరి పేకా లాక్కోలేదు.

లంచం కూడా ఇచ్చి చూశాను. "ఆఖరి రోజు నాన్నా నువ్వూ వచ్చేయండి, మోనోపోలీలో బోర్డ్‌వాక్ ఉంటుంది చూడు, అది ఆ ఊళ్ళోదే, 1870లో మొదలుపెట్టారట, రైళ్ళల్లోకి, హోటళ్ళల్లోకి ఇసుక రాకుండా చెక్కలు పరిచారట" అని.

"నేను రాను."

"ఎందుకు?"

"తాతయ్య వస్తే వస్తా. తాతయ్యకి ట్వెంటీ వన్ దాటింది కదా, లోపలికి రానిస్తారు. నీ డబ్బులన్నీ గెలిచి ఇచ్చేస్తాడు." ఒక్క క్షణం ఆలోచించి, "వద్దులే, తాతయ్య డబ్బుకి ఆడడు" అన్నాడు.

నాన్న మోకాళ్ళకి అంత దూరం విమానం కుదరదని డాక్టరు చెప్పి మూడేళ్లయింది. ఆ సంగతి వాడికి చెప్పలేదు.

నిన్న సాయంత్రం అయిదింటికి స్టూలేసుకుని పేక దించాను. క్షమాపణ చెప్పడం మా ఇంట్లో ఎవరికీ రాదు, అందుకని నాన్న ముందు పెట్టి, "నాక్కూడా వెయ్యండి" అన్నాను. ఆయన నా వంక చూసి, "వస్తాదేటే నీకు?" అన్నారు. మాస్టారు కుర్చీ జరుపుకున్నారు. మావాడు నాకు లెక్కపెట్టి ఇరవై పిక్కలిచ్చాడు, ఒక్కటి కూడా ఎక్కువ కాదు.

నా చేతిలో రెండు జోకర్లున్నా ఒక్క సీక్వెన్సూ కుదరలేదు. మధ్యలో ఫోన్ మోగింది, గ్రూపులో మెసేజ్, గది ఫ్రీ క్యాన్సిలేషన్ రేపటితో ఆఖరట, అందరూ ఖాయమేనా అని. ఫోన్ బోర్లా పెట్టాను. "ముక్క వెయ్యి తల్లీ, తెల్లారిపోద్ది" అన్నారు నాన్న. నేను వేసిన ముక్కే ఎదురింటి అంకుల్ తీసుకుని షో చెప్పారు. "అమ్మకి ఎనభై" అన్నాడు మావాడు, ఆ ఎనభై అనడంలో వాడి సంతోషం చూడాలి.

రెండో ఆటతో నా పిక్కలైపోయాయి. వాడి దగ్గర ముప్ఫై అప్పు తీసుకున్నాను. లెక్కల నోట్‌బుక్ చివర గీత గీసి, కింద పెన్సిల్‌తో, తెలుగులోనే, ఒత్తు మర్చిపోయి, "అమ 30" అని రాసుకున్నాడు.